కట్టని ఇంటిని చూసొచ్చినాము

తిరుపతికి పోయొచ్చినోళ్లు లడ్డు పంచుతారు. శ్రీశైలం పోయొచ్చినోళ్లు విభూతి పెడతారు. నేనూ, మా మార్కెట్లో టమేటా అమ్మే మాబుబీ నాలుగు దినాలు తిరిగి కడపకు పోయొచ్చి ఎవురికీ ఏమీ తెచ్చియ్యలేదు. మేము చూసొచ్చింది ఇంకా కట్టని ఇంటిని. దాంట్లోనుంచి ఏం తెస్తాము? అందుకే అడిగినోళ్లందరికీ నోటితో చెప్పి చెప్పి అలిసిపోయి, ఇట్ల రాసిపెడతాండాను. నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు వంకర పోతే పోనీ.

మాది పత్తికొండ. ఊర్లో మమ్మల్ని అంగడి ఇంటోళ్లు అంటారు. టమేటా మార్కెట్టును ఆనుకుని మాకు ఎనిమిది సెంట్ల జాగా ఉండాది. మా పాత మిద్దె ఉన్న చోటు అది. మిద్దె వానలకు కూలినాక ఖాళీగా పడింది, ముప్పై ఏండ్లుగా నేను దాంట్లో వడియాలూ మిరపకాయలూ ఎండబెట్టుకుంటాండాను. మా పెద్దోడు అక్కడ అంగళ్లు కట్టి బాడుగకిద్దామంటాడు. నేను మాత్రం టమేటా అమ్మే ఆడోళ్లు నీడన కూర్చుని అమ్ముకునే ఇల్లు ఒకటి కట్టుకునేదానికి ఇస్తానని మాటిచ్చినాను.

ఎందుకంటే, మూడేండ్ల కిందట మాబుబీ చెల్లెలు కాశింబి ఆ మార్కెట్లోనే వడదెబ్బకు పడిపోయింది. మళ్ల లేయలేదు. ఆ పొద్దు మిట్టమధ్యానం ఆమె తట్ట ముందర నిలబడి, కిలోకు అర్ధరూపాయి తగ్గించమని అంతసేపు బేరం చేసింది నేనే. నా నెత్తిన గొడుగు ఉండాది. ఆమె నెత్తిన కొంగు ఉండాది. దీని గురించి ఇంతకంటే రాయను.

జాగా ఇచ్చేదానికి నేను పెట్టిన షరతు ఒకటే. మే నెల్లో మధ్యానం మూడు గంటలకు ఆ ఇంట్లో చల్లగా ఉండాల. ఉంటాదని నాకు ముందే చూపించాల. చూపిస్తే సంతకం. లేకుంటే మా పెద్దోడు అంగళ్లే కట్టుకోనీ. కట్టకముందే చల్లదనం ఎట్ల చూపిస్తారని ఊర్లో అందరూ నవ్వినారు. ఆడోళ్ల సంఘం మేడమ్మ ఒక్కతే నవ్వలేదు. "కడపలో కంప్యూటర్లో చూపించేవాళ్లు ఉన్నారమ్మా, పోయి చూసి రాండి" అనింది.

మట్టికి టికెట్టు

కడపవాళ్లు ముందే కబురు పెట్టినారు: మీ మిద్దెలమీద వేసే చౌడుమట్టి కొంచెం తీసుకురమ్మని. తెలియనోళ్లకు చెప్తాను. మా పక్క మిద్దె అంటే గోడలమీద దూలాలు, దూలాలమీద బండలు, బండలమీద చౌడుమట్టి. తెల్లగా, ఉప్పుగా ఉంటాది. వాన పడితే మెత్తబడి తనకు తానే అతుక్కుంటాది, నీళ్లు కిందికి దిగనియ్యదు. ఎండనూ అంత సులభంగా దిగనియ్యదు. అయిదు కిలోలు మూటగట్టుకుని కర్నూలు బస్సెక్కినాము.

కండక్టరు మూటను కాలితో తోసి చూసినాడు. "ఏముండాదవ్వా ఇంత బరువు?"

"మట్టి."

"మట్టా! కర్నూల్లో మట్టికి కరువొచ్చిందా?"

"కర్నూలుకు కాదప్పా, కడపకు" అనింది మాబుబీ.

బస్సంతా నవ్వింది. లగేజీ టికెట్టు కొట్టబోయినాడు. "బియ్యం అమ్ముకునేదానికి పోతాంటే టికెట్టు కొట్టు. మట్టి నీ బస్సుకే ఇంత అంటుకోనుండాది, దానికి ఎవురు కట్టినారు దుడ్లు?" అన్నాను. వాడు రెండు చేతులూ జోడించి ముందుకు పోయినాడు. మాబుబీ ఊరంతా చెప్పింది ఈ మాట. ఆమె నాకంటే పదేండ్లు చిన్న. ఇరవై అయిదేండ్లుగా టమేటా అమ్ముతాంది. నన్ను అక్కా అంటాది, బేరంలో మాత్రం ఒక్క పైసా అక్కతనం చూపించదు.

కర్నూలు: సుద్దముక్కతో

కర్నూల్లో దిగీ దిగగానే ఉగ్గాని తిన్నాము, పక్కన మిరపకాయ బజ్జీలు. మా ఇంట్లో బొరుగులు ఇంతకంటే బాగా నానబెడతాను, కానీ వాళ్లు పైన చల్లే పప్పులపొడి మాత్రం మెచ్చుకోవాల్సిందే. ఒక ప్లేటు ఇద్దరం తింటామంటే హోటలాయన మొహం చిట్లించి, మళ్ల ఏమనుకున్నాడో బజ్జీ ఒకటి ఎక్కువేసినాడు.

అక్కడ సంఘానికి తెలిసిన ఒక ఇంజనీరు ఆఫీసు ఉండాది. చిన్న వయసు. మర్యాద తెలిసినోడు. జాగా కొలతలు మా కాగితాల్లో ఉన్నాయి, కానీ ఎక్కడ ఏముందో తెలియాలన్నాడు. సుద్దముక్క నా చేతికిచ్చి, "మీరే గియ్యండి పెద్దమ్మా" అన్నాడు.

నాకు గీత అంటే ముగ్గే. బండలమీద గొంతుకూర్చుని, పలక మాదిరి నలుపలకలుగా గీసినాను. నా మోకాళ్ల పక్క రోడ్డు. ఎడమచేతి పక్క నూనెమిల్లు ఎత్తుగోడ. కుడిచేతి పక్క బోరింగు. ఎదురుగా ఆ చివర టమేటా మార్కెట్టు కాంపౌండు గోడ. ఆయన చూసి చూసి కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాడు. "ముగ్గు వేసే చెయ్యి గదా, గీత ఎంత తిన్నగా ఉందో" అన్నాడు. నాకు సంతోషమైంది. నన్ను పొగిడినోళ్లు తక్కువ. ఆ సంతోషం ఎంత చేటు తెచ్చిందో కడపలో తెలిసింది.

ఆ గీతను కడపకు ఇంటర్నెట్టులో పంపిస్తానన్నాడు. పొద్దుగూకేదాకా కంప్యూటర్లో చక్రం ఒకటి తిరుగుతానే ఉండాది, గీత పోలేదు. చివరికి వేలెడంత ముక్క ఒకటి పెరికి నా చేతిలో పెట్టినాడు. పెన్‌డ్రైవు అంట. "ఇందులోనే మీ జాగా అంతా ఉంది. కడపలో ఇవ్వండి."

ఎనిమిది సెంట్ల జాగా, మిల్లు గోడ, బోరింగు, అన్నీ నా పొడుం డబ్బీలో సగం లేని దాంట్లో! కొంగు చివర ముడేసి నడుముకు దోపుకున్నాను.

బనగానపల్లె: రసం కారిన ఇల్లు

రెండో దినం బనగానపల్లెకు పోయినాము. అక్కడ ఓబులేసు మేస్త్రీ ఉండాడు. మా మామ కాలంలో మిద్దెలు కట్టినోళ్ల వంశం. ఇప్పుడెవరూ మిద్దెలు కట్టించుకోక బండల పాలిషు కాడ పనికి చేరినాడు. ఆయన్నూ కడపకు పిలిచినారు.

బండలు కోసే చోట నీళ్లూ దుమ్మూ కలిసి అందరూ తెల్లగా పిండిబొమ్మల మాదిరి ఉండారు. మేము పోయేసరికి ఓబులేసు మూట విప్పించి, చౌడుమట్టి చిటికెడు తీసి నాలికమీద వేసుకున్నాడు.

"ఇది చెరువుకట్ట పక్క మట్టి. మంచిది. ఉప్పు సరిగ్గా ఉండాది" అన్నాడు.

"మట్టి తిని చెప్పేవానివి, కంప్యూటరు కాడికి ఎందుకప్పా నువ్వు?" అనింది మాబుబీ.

"అదే నేనూ అడిగినా. ఆ మిషనుకు నాలిక లేదంట, నన్ను రమ్మన్యారు" అన్నాడు.

బనగానపల్లెకు పోయి మామిడిపండు తినకుండా ఎట్ల వస్తాము? మా ఊర్లో అంగట్లో ఎంతకిస్తారో దాంట్లో సగానికి చెట్టుకిందనే తూచిచ్చినారు. నేను బేరం చేయబోతే మాబుబీ నా చెయ్యి గిల్లింది. ఈ పండు కోసుకునేది గానీ పిసికి జుర్రుకునేది కాదని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. కత్తి లేదు, ఆకలి ఉండాది. కొరికినాను. రసం మోచేతిదాకా కారి, అక్కడినుంచి కొంగుమీద పడి, నేరుగా ముడిలోకి దిగింది.

ముడి విప్పితే పెన్‌డ్రైవు జిగటగా ఉండాది. "అయ్యో, ఇల్లు పోయిందే!" అని అరిచినాను. మాబుబీ మాత్రం పడి పడి నవ్వింది. "ఇల్లు తియ్యగైందిలే అక్కా! చీమలు పట్టకుండా చూసుకో." మూత ఉన్నందుకు లోపలికి పోలేదు. తడిగుడ్డతో తుడిచి, ఈసారి ముక్కుపొడి డబ్బీలో పెట్టినాను. ఆ రెండు దినాలూ పొడుం లేకుండా ఉన్నాను. ఇది కూడా ఆ ఇంటి లెక్కలోకే వస్తాది.

కడప: గోడమీద ఎండ

మూడో దినం ఓబులేసుతో కలిసి బస్సులో కోవెలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా కడప చేరేసరికి ఎండ నడినెత్తినుండాది. మా పత్తికొండ ఎండ చెంపమీద కొడతాది. కడప ఎండ ఊపిరిలోకి వస్తాది. ఆ ఊర్లో ఏ ఇంట్లో అడుగుపెట్టినా కింద నల్లబండలే. చెప్పులిడిచి కాలు పెడితే ప్రాణం లేచొచ్చింది. దోశమీద ఎర్రకారం పూసిస్తారు. మేము దోశకు చెనిక్కాయల, అదే పల్లీల, చట్నీ అలవాటైనోళ్లం. ఒక ముక్క తినేసరికి నా కండ్లల్లో నీళ్లు. "ఏమక్కా, అత్తగారు గుర్తొచ్చినారా?" అనింది మాబుబీ.

మమ్మల్ని పిలిచింది శైలజ అనే అమ్మాయి. ఇండ్లు కట్టే చదువు చదివి, ఇక్కడే ఒక చిన్న మిద్దెలో ఆఫీసు పెట్టుకుంది. పోగానే ఆమె అడిగిన మొదటి మాట "అన్నం తిన్యారా?" అని. ఆ ఒక్క మాటకే నాకు నచ్చింది.

గది చీకటి చేసి, ఒక పెట్టెలోనుంచి వెలుతురు గోడమీదికి వదిలినారు. నా జాగా గోడమీద ఉండాది! నేను కర్నూల్లో గీసిందే. శైలజ చేతికింద ఎలుకపిల్ల మాదిరి ఒకటుండాది, దాన్ని జరిపింది, గోడలు లేచినాయి. ఇంకో తూరి జరిపింది, రోడ్డు పక్క వసారా వచ్చింది. ఇల్లు మొత్తం గిర్రున తిప్పి వీపు చూపించింది.

"ఇప్పుడు మీరు చెప్పండి, నేను గీస్తాను" అనింది.

ఓబులేసు మెల్లగా, "గోడ అంత సన్నమైతే నిలబడదు తల్లీ. రెండడుగులు ఉండాల" అన్నాడు. గోడ ఉబ్బింది. అందరికీ ధైర్యమొచ్చింది. "తట్ట నెత్తిమీదినుంచి దించేదానికి ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాల మాకు. నడుమెత్తు రాతిదిమ్మె ఉంటే ఒక్కదాన్నే దించుకుంటా" అనింది మాబుబీ. దిమ్మె వచ్చింది. ఎంత ఎత్తని అడిగితే మాబుబీ లేచి గోడకాడికిపోయి తన నడుము చూపించింది.

పైకప్పు కాడ ఆగినాము. శైలజ కంప్యూటర్లో పైకప్పుల పట్టీ ఉండాది. సిమెంటు స్లాబు, రేకులు, పెంకులు. మా చౌడుమిద్దె లేదు. శైలజ సిగ్గుపడి, "ఈ పట్టీ చేసినోళ్లు మన పక్కకు రాలేదవ్వా. అందుకే మట్టి తెమ్మన్నాను. వేడి ఎంతసేపటికి కిందికి దిగుతుందో కొలిచి నేనే చేరుస్తాను. ఇప్పటికి అందాజుగా వేస్తా" అనింది. తెలియనిది తెలియదని చెప్పే చదువుకున్నోళ్లు నాకు శానా తక్కువమంది తగిలినారు.

నా మనసులో మా పాత మిద్దె తిరుగుతాంది. దాన్ని కట్టేటప్పుడు మా మామ, మేస్త్రీ ఇద్దరే మాట్లాడుకున్నారు. వంటింట్లో పొగ పోయే దారి తప్పు పక్క పెట్టినారు. గోడ లేచినాక కొత్తకోడలు చెప్తే ఎవరు పడగొడతారు? మిద్దె కూలేదాకా ఆ పొగ నా కండ్లల్లోకే వచ్చింది. ఈడేమో గోడ కట్టకముందే, టమేటా అమ్మే మాబుబీని అడిగి, ఆమె నడుమెత్తు కొలుచుకుంటాండారు. తప్పయితే తాపీ పట్టకుండా గోడ జరుపుతాండారు. ఇది చూసేదానికి నాలుగు దినాలు కాదు, నలభై దినాలు తిరిగినా తప్పు లేదు.

"ఇప్పుడు మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు" అనింది శైలజ.

గోడమీద పొద్దు జరిగింది. నిజంగా! నీడలు పాకినాయి. నూనెమిల్లు గోడ నీడ పెద్ద కంబళి మాదిరి జాగానంతా కప్పేసింది. వసారా అంతా నీలం రంగు. నీలమంటే చల్లన, ఎరుపంటే వేడి అంట. ఓబులేసు చప్పట్లు కొట్టినాడు. మాబుబీ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కాశింబిని తలుచుకుంటాందని నాకు తెలుసు. సంఘం కాగితం నా ముందర పెట్టి పెన్ను చేతికిచ్చినారు.

"ర" రాసినాను. నా పేరు రత్నమ్మ. రెండో అక్షరానికి పెన్ను పోలేదు.

"ఏమైందక్కా?"

"ఆ నీడ తప్పు" అన్నాను.

శైలజ నా పక్క చూసింది. "ఏ నీడవ్వా?"

"మిల్లు గోడ నీడ. మూడు గంటలకు అంత నీడ పడితే నా వడియాలు ముప్పై ఏండ్లు ఎట్ల ఎండినాయి? మధ్యానం ఆ గోడ నీడ ఈ పక్కకు రాదు. రాదు కాబట్టే నేను ఆ జాగాలో ఎండబెట్టుకునేది."

శైలజ లేచొచ్చి నా ముందర కూర్చుని, "అవ్వా, పొద్దు యాడ పొడుస్తాది మీ జాగాలో?" అని అడిగింది. మార్కెట్టు కాంపౌండు పక్క అన్నాను. రోడ్డు పడమర, మిల్లు ఉత్తరం. గోడమీది బొమ్మలో మాత్రం రోడ్డు దక్షిణానికీ, మిల్లు పడమరకూ పోయున్నాయి. కాగితంలో పైవైపు ఉత్తరమని వాళ్ల అలవాటు. వాకిట్లో ముగ్గేసినట్లు నిలబడిన చోటినుంచి గియ్యడం నా అలవాటు. కర్నూలాయన తూర్పు ఏదని అడగలేదు, పొగిడితే పొంగిపోయి నేనూ చెప్పలేదు.

శైలజ బొమ్మను పావు చుట్టు తిప్పింది. నీడ తప్పుకుంది. మూడు గంటల ఎండ రోడ్డు పక్కనుంచి నేరుగా వసారాలోకి దూరింది. నీలమంతా ఎరుపైంది.

మాబుబీ ఆ ఎరుపును చూస్తానే ఉండిపోయింది. తర్వాత నా పక్క తిరగకుండానే అనింది. "జాగా ఇయ్యబుద్ధి కాకుంటే ముందే చెప్పుండొచ్చు గదక్కా. ఇంతదూరం తీసుకొచ్చి చెప్పాల్నా?"

ఇరవై అయిదేండ్లలో ఆమె నన్ను లోభి అనింది, గయ్యాళి అనింది. ఏదీ తగల్లేదు. ఇది తగిలింది.

"తప్పు గీసింది నేనే మాబుబీ. నా మోకాళ్ల కాడే ఉండాది తప్పు. ఇప్పుడు నోరు మూసుకుంటే నువ్వు ఆ వసారాలో కూర్చుంటావు. మూడు గంటలకు. నేను గొడుగేసుకుని బేరానికొస్తాను."

ఆమెకు అర్థమైంది. ఇంక ఏమీ అనలేదు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. గోడ నల్లబడింది. శైలజ చిన్న కంప్యూటరు మాత్రం బ్యాటరీమీద వెలుగుతాంది. అందరం దానిచుట్టూ తలలు చేర్చినాము. ఓబులేసు, "వసారాను తూర్పు పక్క పెట్టేస్తే సరి" అన్నాడు.

"గిరాకీ రోడ్డు పక్క ఉంటే మేము ఇంటెనక కూర్చుంటే ఎవురు కొంటారప్పా, కాకులా?" అనింది మాబుబీ. ఆమె నోరు తిరిగొచ్చినందుకు నాకు పోయిన ప్రాణం వచ్చింది. ఆమే మళ్ల చెప్పింది. "మార్కెట్లో మేము లారీ నీడ యాడికి జరిగితే గోనెపట్ట ఆడికి జరుపుకుంటాం. పొద్దున ఒక పక్క, మధ్యానం ఒక పక్క. ఇల్లు మాత్రం ఒక్క పక్కనే ఎందుకు ఉండాల?"

శైలజ ఆమెను అట్లే చూసి, గబగబా గీసింది. రెండు పక్కలా వసారాలు, నడిమధ్యన రోడ్డునుంచి వెనక్కి నేరుగా దారి. పొద్దున పది గంటలు పెట్టింది. రోడ్డు పక్క నీలం. మధ్యానం మూడు పెట్టింది. రోడ్డు పక్క ఎరుపు, తూర్పు పక్క నీలం, నడిమి దారిలో గాలి పోయే దిక్కు చూపించే బాణం గుర్తులు. రోడ్డుమీద నిలబడితే దారిలోనుంచి వెనక కూర్చున్నోళ్లు కనిపిస్తారా అని నేను అడిగినాను. ఆ పిల్ల మమ్మల్ని బొమ్మలోనే రోడ్డుమీద నిలబెట్టి చూపించింది. వెనక కూర్చున్న ఆడమనిషి బొమ్మ కనిపించింది, తట్టతో సహా.

ఆ చీకట్లో, కంప్యూటరు వెలుతుర్లో, మిగతా అక్షరాలు రాసినాను.

పత్తికొండ: సున్నపు గీతలు

తిరిగొచ్చిన మరుసటి శుక్రవారం జాగాలో సున్నంతో గీతలు పోసినారు. ఓబులేసు దారం పట్టినాడు. ఈసారి తూర్పు ఏదని నలుగురిని అడిగి మరీ పోసినాడు. మా పెద్దోడు దూరంనుంచి చూసి, "రెండు మొహాల ఇల్లు!" అని ఎగతాళి చేసినాడు. "పొద్దుకు మొహం ఒకటే ఉంటే మేమూ ఒక మొహంతోనే కడతాం" అన్నాను.

మధ్యానం మూడయింది. నేను గొడుగేసుకుని పోయినాను. జాగాలో మాబుబీ ఒక్కతే ఉండాది. తూర్పు వసారా గీతల మధ్యన గోనెపట్ట పరుచుకుని, తట్ట ముందర పెట్టుకుని కూర్చోనుండాది. గోడ లేదు, కప్పు లేదు. ఎండ నిప్పులు చెరుగుతాంది.

"ఏమే, పిచ్చి పట్టిందా? ఎండలో ఏం చేస్తాండావు?"

"ఎండ యాడుండాదక్కా? మా ఇంట్లో ఉండా నేను. ఈడ నీలం రంగు" అనింది.

నేను గీత దాటి లోపలికి పోయి, గొడుగు ఇద్దరికీ వచ్చేటట్లు పట్టుకుని, ఆమె పక్కన కూర్చున్నాను. రెండు కిలోలు తూచమన్నాను. ఆమె ధర చెప్పింది. ఎక్కువే చెప్పింది, నాకు తెలుసు. అడిగినంతా తీసి ఇయ్యబోయినాను.

మాబుబీ దుడ్లు పుచ్చుకోకుండా నా మొహం చూసి, నా నుదుటిమీద చెయ్యి పెట్టింది.

"జ్వరమేమన్నా వచ్చిందా అక్కా?"